టెండర్ పిలిచే ముందు

చిరంజీవి అమ్మాయికి,

  

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నా చెవిలోనే ఉంది. "పెదనాన్నా, రూల్సన్నీ చదివాను, ఫైలూ సరిగ్గానే ఉంది, అయినా సంతకం పెట్టాలంటే చెయ్యి ఆడటం లేదు" అన్నావు. ఆ భయం మంచిదే తల్లీ. ముప్పై ఏళ్లకు పైగా మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసినవాణ్ణి, ఆ భయం బొత్తిగా లేనివాళ్లను చూశాను. ఊరికి జరిగిన నష్టం ఎక్కువగా వాళ్ల చేతుల మీదుగానే జరిగింది. ఫోన్లో చెప్పడానికి కుదరని నాలుగు మాటలు ఇందులో రాస్తున్నాను.

నీ టేబుల్ మీదున్నది చిన్న ఫైలే. వాటర్ వర్క్స్‌కి ఏడాదికి సరిపడా పటిక, బ్లీచింగ్ పౌడర్ సరఫరా. ఆ డబ్బు ఇంటిపన్ను కట్టిన టీకొట్టు అతనిది, కుళాయి పన్ను కట్టిన కూలీ ఇంటిది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు మనం దాన్ని ఖర్చు పెట్టకూడదనే ఈ టెండర్ల ఏర్పాటు. మనకు తెలిసినవాడికో, మనల్ని అడిగినవాడికో కాకుండా, అర్హత ఉన్న ప్రతివాడికీ ఒకే గుమ్మం తెరిచి, అందరిలో ఎవరు తక్కువకు నాణ్యంగా ఇస్తారో చూడటం. టెండర్ అంటే ఇంతే. దీని చుట్టూ ఉన్న షరతులన్నీ ఆ గుమ్మం మూసుకుపోకుండా పెట్టుకున్న కొక్కేలు.

గుమ్మం మూసుకుపోవడమంటే ఏమిటో నేను కళ్లారా చూశాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో టెండర్లన్నీ కవర్లలోనే. మేనేజర్ గదిలో తాళం వేసి లక్కసీలు కొట్టిన ఇనుప పెట్టె ఉండేది. ఒక డ్రైనేజీ పనికి ఆఖరు రోజు. పొద్దున్నుంచే మెట్ల మీద, గేటు దగ్గర పాతికమంది మనుషులు చేరారు. మూడింటికి పెట్టె తెరిస్తే మూడే కవర్లు. మూడింటిలోనూ అంచనా కంటే ఎక్కువకే వేశారు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా నామమాత్రం. మర్నాడు ఒక చిన్న కాంట్రాక్టరు నా దగ్గరకొచ్చి, చొక్కా లోపలినుంచి నలిగిపోయిన కవరు తీసి చూపించాడు. "నేను తక్కువకే రాశాను సార్, నా కవరు పెట్టెదాకా రాలేదు" అన్నాడు. ఆ కవరుని తీసుకునే అధికారం నాకు లేదు. అతను వెళ్లిపోయాడు, ఊరు ఎక్కువ ధరకి కాలవ కట్టించుకుంది. కాంట్రాక్టర్లు ఇలా కుమ్మక్కై పోటీని అడ్డుకోవడాన్నే రింగ్ అంటారు.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక మెట్ల మీద కాపలా పోయింది. ఇంట్లో కూర్చుని, డిజిటల్ సంతకంతో అర్ధరాత్రయినా టెండర్ వేయొచ్చు. అయితే మెట్లు పోయాయి గాని రింగ్ పోలేదు, ఫోన్లలోకి వెళ్లింది. పోటీ చట్టం 2002 ఈ కుమ్మక్కును పేరుపెట్టి మరీ నిషేధించింది. కానీ దాన్ని ముందుగా పసిగట్టాల్సింది ఫైలు చూసే నువ్వే. ధరావత్తు డీడీలు ఒకే బ్యాంకు శాఖ నుంచి వరుస నంబర్లతో వచ్చాయా? ఈసారి ఓడినవాడు పైసారి గెలుస్తూ, పనులు వంతులవారీగా పంచుకున్నట్టు కనబడుతోందా? అలా ఉంటే మౌనంగా ఉండకు, నోట్ ఫైల్లో రాయి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. అందరూ టెండర్ తెరిచే రోజు మీదే కన్నేస్తారు. నిజానికి అసలు పని అంతకుముందే, నువ్వు స్పెసిఫికేషన్ రాసే రోజునే అయిపోతుంది. ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధర వేసినవాడు, ఎవరన్నది కంప్యూటర్ చెబుతుంది. ఆ ఎల్-1 ఊరికి ఏం తెచ్చి ఇస్తాడన్నది నువ్వు రాసిన మాటల మీద ఉంటుంది.

నీ బ్లీచింగ్ పౌడర్‌నే తీసుకో. ఊరికే "బ్లీచింగ్ పౌడర్, కిలో ధర" అని రాశావనుకో. ఒకరు 30 రూపాయలకు వేస్తారు, ఇంకొకరు 24కి వేస్తారు. ఎల్-1 రెండోవాడే, సందేహం లేదు. కానీ ఊరు కొనేది తెల్లపొడిని కాదు, దాంట్లోని క్లోరిన్‌ని. తాజా పౌడర్‌లో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. తేమ, వేడి, వెలుతురు తగిలేకొద్దీ అది ఎగిరిపోతుంది. 30 రూపాయల సరుకులో 33 శాతం ఉంటే కిలో క్లోరిన్ మనకు దాదాపు 91 రూపాయలు పడుతుంది. 24 రూపాయల సరుకు పాత నిల్వ అయి, 20 శాతమే ఉంటే కిలో క్లోరిన్ 120 రూపాయలు. కాగితం మీద చవక, కుళాయిలో ఖరీదు. పైగా ఆపరేటరు అలవాటు ప్రకారం అవే కొలతలు కలిపితే నీళ్లలో మందు చాలదు. ఆ లోటు వానాకాలంలో విరేచనాల కేసులుగా ఆసుపత్రిలో కనబడుతుంది.

అందుకని ఇలా రాయి: ఐఎస్ఐ మార్కు ఉండాలి. క్లోరిన్ కనీస శాతం ఇంత ఉండాలి, అదీ సంచి మీద ముద్ర ప్రకారం కాదు, మన స్టోర్‌లో దించిన రోజు పరీక్ష ప్రకారం. తయారైన నెల సంచి మీద కనబడాలి. ఏడాది సరుకు ఒకేసారి కాకుండా నెలనెలా సరఫరా చేయాలి. పరీక్షలో నిలవని సరుకుని సరఫరాదారే సొంత ఖర్చుతో వెనక్కి తీసుకెళ్లాలి. ఈ అయిదు వాక్యాలు ఉంటే పాతసరుకు అమ్మేవాడు వెనక్కి తగ్గుతాడు, మంచి సరుకున్నవాడికి ధైర్యం వస్తుంది.

షరతులు గట్టిగా ఉండాలి గాని, ఒక్కడి ఒంటికి కొలతలు తీసి కుట్టిన చొక్కాలా ఉండకూడదు. పంపుసెట్టుకి ఫలానా కంపెనీయే అని రాస్తే పోటీ ఏముంది? హెడ్ ఎంత, డిశ్చార్జి ఎంత, సామర్థ్యం ఎంత అని రాయి. పది లక్షల పనికి కోట్ల టర్నోవర్ అడిగితే ఊళ్లోని చిన్న కాంట్రాక్టరు గుమ్మం బయటే నిలబడిపోతాడు. నలిగిన కవరుతో నా దగ్గరకొచ్చిన మనిషిని గుర్తుపెట్టుకో. మెట్ల మీద మనుషుల్ని పెట్టకుండానే అతన్ని ఆపగల కాగితం ఇప్పుడు నీ చేతిలో ఉంది.

ఒకసారి రాసిన షరతుకి నువ్వూ కట్టుబడాలి. 1979లో సుప్రీంకోర్టు రమణ దయారాం శెట్టి కేసులో ఈ మాటే తేల్చింది. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు, స్నాక్ బార్లు నడపడానికి టెండర్ పిలిచి, కనీసం 5 ఏళ్ల అనుభవమున్న రిజిస్టర్డ్ రెండో తరగతి హోటల్ యజమానులే రావాలన్నారు. తీరా క్యాంటీన్లు నడిపిన అనుభవమే ఉన్నవాడికి ఇచ్చారు. ఆ షరతు సడలిస్తారని ముందే తెలిస్తే ఇంకొందరు కూడా వేసేవారు కదా అన్నది న్యాయస్థానం. తాను పెట్టుకున్న ప్రమాణాన్ని ప్రభుత్వ సంస్థ తానే దాటకూడదని చెప్పింది. కోర్టుకి ఆలస్యంగా వచ్చారనీ, అప్పటికే టెండర్ దక్కినవాళ్లు ఖర్చు పెట్టేశారనీ దాన్ని సవాలు చేసిన అప్పీలును కొట్టేసినా, సూత్రం మాత్రం నిలిచింది. ఒక ధ్రువపత్రం లేనివాణ్ణి "పాపం, తక్కువకే వేశాడుగా" అని లోపలికి తీసుకుంటే, అదే పత్రం లేదని అసలు రాకుండా ఆగిపోయినవాడికి అన్యాయం చేసినట్టే.

చిన్న కొనుగోళ్లలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కొటేషన్ల పద్ధతిలో ఒకసారి వీధిదీపాల సామాన్ల ఫైలు నా ముందుకొచ్చింది. మూడు షాపులు, మూడు లెటర్‌హెడ్లు, మూడు రబ్బరు స్టాంపులు. చదువుతుంటే మూడింట్లోనూ ఒకే మాట ఒకే తీరుగా తప్పు రాసి ఉంది. అంటే ముగ్గురి పేరుతో రాసింది ఒక్కడే. ఆ ఫైలు వెనక్కి పంపి కొత్తగా కొటేషన్లు తెప్పిస్తే ధర తగ్గింది. అలాగే టెండర్ పరిమితి తప్పించుకోవడానికి ఒకే రోడ్డుని మూడు ముక్కలు చేసి నామినేషన్ మీద, అంటే టెండర్ లేకుండా నేరుగా, ఇమ్మని అడుగుతారు. అర్జంటని చెబుతారు. ఎండాకాలం నీటి ఎద్దడి ప్రతి ఏడూ వస్తుంది, అది అర్జంటు ఎలా అవుతుంది? మార్చిలో కావలసినదానికి డిసెంబరులోనే ఎస్టిమేట్ వేసి పెట్టుకో.

మరీ తక్కువకు వేసినవాణ్ణి చూసి కౌన్సిల్లో సంతోషపడతారు. నువ్వు లెక్క వేసి చూడు. సిమెంటు, కంకర, కూలి ధరలు అందరికీ ఒకటే కదా, పాతిక, ముప్పై శాతం లెస్ ఎక్కణ్ణుంచి వస్తుంది? నేను పనిచేసిన రోజుల్లో అంచనాకు 25 శాతానికి మించి తక్కువ వేసినవాడు ఆ తేడాకు అదనపు ధరావత్తు కట్టాల్సి ఉండేది. ఎక్కువకు వేస్తే 5 శాతం దాటకూడదనేవారు. ఇప్పుడు నీ శాఖలో అమల్లో ఉన్న ఉత్తర్వు తెప్పించుకుని టేబుల్ మీద పెట్టుకో. ధర తగ్గించమని అడగాల్సి వస్తే ఎల్-1తోనే, అదీ కాగితం మీదే మాట్లాడాలి. రెండోవాణ్ణి పిలిచి "అతని ధరకి నువ్విస్తావా" అని బేరమాడితే, రేపటినుంచి ఎవడూ మొదటిసారి నిజమైన ధర వేయడు.

బిల్లుల సంగతి కూడా టెండర్లో భాగమే. పని అయ్యి ఏడాదైనా బిల్లు రాని ఊళ్లో నిజాయతీపరుడు టెండర్ వేయడు, వేసినవాడు వడ్డీ కలుపుకుని వేస్తాడు. కొలత తీసిన రోజే కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో రాయి, ఇంట్లో కూర్చుని రాయకు. బాగా చేసినవాడి బిల్లు నీ టేబుల్ మీద ఒక్కరోజు కూడా ఆగనివ్వకు. సరిగా చేయనివాడి బిల్లుని ఎవరు ఫోన్ చేసినా కదలనివ్వకు. కారణం మాత్రం కాగితం మీద రాయి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక ఊళ్లో ఎవరైనా నీ ఫైలు అడిగి చూడొచ్చు. చూస్తారనే అనుకుని ప్రతి నోటూ రాసుకుంటే, రాత్రి నిద్ర పడుతుంది.

ఇంత చెప్పాక ఒక పని అప్పగిస్తున్నాను. టెండర్ ఖరారై, మొదటి నెల సరుకు దిగాక, ఒకరోజు తెల్లవారుజామున నీళ్లు వదిలే వేళకి ఊరి చివరి కాలనీకి, పైపులైను ఆఖరి కుళాయి దగ్గరకి వెళ్లు. బిందె పెట్టుకుని నిలబడ్డ అమ్మని అడిగి, ఆ నీళ్లతోనే క్లోరోస్కోప్ పరీక్ష చెయ్యి. తాగునీటి ప్రమాణం ప్రకారం అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. పరీక్ష మందు చుక్కలు పడగానే నీళ్లు పసుపురంగుకి తిరిగాయంటే నువ్వు పిలిచిన టెండర్ సక్రమమే. తిరగకపోతే ఫైల్లో ఎన్ని సంతకాలున్నా అది తప్పిన టెండరే. సంతకం పెట్టే ముందు ఆ కుళాయిని తలుచుకో.

ఇట్లు
మీ పెదనాన్న