ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతోందా? షాపుకి తీసుకెళ్లే ముందు ఇంట్లోనే ఇలా చెక్ చేయండి

ఎండాకాలం మొదలైందంటే చాలు, ఈ సమస్య గురించి అడిగేవాళ్లు ఎక్కువైపోతారు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోలేనంత వేడెక్కుతుంది. ఫ్యాన్ హోరుమని తిరుగుతుంది. ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడి ఆగిపోతుంది. షాపుకి తీసుకెళ్తే "మదర్‌బోర్డ్ ప్రాబ్లం సార్" అని వేలల్లో లెక్క చెప్పేవాళ్లూ ఉన్నారు. నిజంగానే బోర్డు పోయే సందర్భాలు లేకపోలేదు. కానీ వేడెక్కి ఆగిపోయే ల్యాప్‌టాప్ చాలాసార్లు తనను తాను కాపాడుకోవడానికే ఆగుతుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీల సెల్సియస్. ఆ దగ్గరికి రాగానే ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి దిగకపోతే పవర్ ఆపేస్తుంది.

కాబట్టి మీరు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. వేడి మామూలు కంటే ఎక్కువ పుడుతోందా, లేక పుట్టిన వేడి బయటికి పోవట్లేదా? మొదటిదైతే దాదాపు ఖర్చు లేకుండానే సరిచేసుకోవచ్చు. రెండోదైతే స్క్రూడ్రైవర్ పని.

అన్నిటికంటే ముందు బ్యాటరీ

ల్యాప్‌టాప్‌ని టేబుల్ మీద పెట్టి పక్కనుంచి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచిందా? మూత సరిగ్గా మూసుకోవట్లేదా? అడుగు ఉబ్బి, టేబుల్ మీద ఊగుతోందా? వీటిలో ఏది కనిపించినా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అప్పుడు ఈ ఆర్టికల్‌లో మిగతాదంతా పక్కన పెట్టండి. ఛార్జర్ తీసేసి, ఆఫ్ చేసి, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కడం, గుచ్చడం చేస్తే మంట అంటుకునే ప్రమాదం ఉంది.

పరీక్ష ఎలా చేయాలి

కోర్ టెంప్ లేదా హెచ్‌డబ్ల్యూఇన్ఫో, ఈ రెండూ ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్లే. ఏదో ఒకటి ఇన్‌స్టాల్ చేసుకోండి, ఎందుకంటే విండోస్ టాస్క్ మేనేజర్ ప్రాసెసర్ ఎంత బిజీగా ఉందో చెప్తుంది గానీ దాని టెంపరేచర్ చెప్పదు. తర్వాత ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి అరగంట చల్లారనివ్వండి. గట్టి టేబుల్ మీద పెట్టి, ఛార్జర్ తగిలించి ఆన్ చేయండి. ఏ ప్రోగ్రామూ తెరవకుండా పది నిమిషాలు ఆగి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి.

సీపీయూ వాడకం 40, 50 శాతం చూపిస్తుంటే వేడి పుట్టించేది సాఫ్ట్‌వేర్. సీపీయూ కాలమ్ మీద క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రామ్ తినేస్తోందో పైకి వస్తుంది. చాలా రోజుల తర్వాత ఆన్ చేసిన ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్ ఇలాగే చేస్తాయి. గంటా గంటన్నర వదిలేయండి, అవే సర్దుకుంటాయి. కానీ ఒక తిరకాసు ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచిన మరుక్షణం ఫ్యాన్ నెమ్మదించి, మూసేయగానే మళ్లీ హోరెత్తుతోందంటే క్రిప్టో మైనింగ్ మాల్‌వేర్ ఉందేమో చూడాలి. టాస్క్ మేనేజర్ కనిపించగానే పని ఆపేసి దాక్కునే రకాలు వాటిలో ఉన్నాయి. క్రాక్ చేసిన గేమ్‌లు, సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకి ఇది ఎక్కువగా తగులుతుంది. విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ అనే ఆప్షన్ ఉంటుంది, అది నడపండి.

వాడకం ఐదు శాతం లోపే ఉండి, టెంపరేచర్ 40 నుంచి 55 మధ్య ఉంటే బాగానే ఉన్నట్టు. వాడకం లేకుండానే 70 దాటితే మాత్రం వేడి బయటికి పోవట్లేదన్నమాట.

అయితే గది వేడిని కూడా లెక్కలోకి తీసుకోండి. ఫ్యాన్ చేసేది గదిలో గాలిని లోపలికి లాగి బయటికి తోయడమే, అది ఏసీ కాదు. 25 డిగ్రీల గదిలో 60 చూపించే ప్రాసెసర్, 42 డిగ్రీల గదిలో అదే పనికి దాదాపు 77 చూపిస్తుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం చేసిన పరీక్షనీ, తెల్లవారుజామున చేసిన పరీక్షనీ పోల్చి కంగారుపడొద్దు. యాపిల్ సంస్థ తన మ్యాక్‌బుక్‌లని 10 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని చెప్తుంది. మన ఎండలు ఆ గీత ఎప్పుడో దాటేశాయి.

చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది

ఇప్పుడు ఒక గేమ్ గానీ వీడియో ఎడిటింగ్ గానీ పది నిమిషాలు నడిపించి, గాలి బయటికి వచ్చే జాలీ దగ్గర అరచెయ్యి పెట్టండి. నా లెక్కలో ఇది అన్ని సాఫ్ట్‌వేర్ల కంటే పనికొచ్చే పరీక్ష.

వేడి గాలి జోరుగా వస్తుంటే కూలింగ్ పని చేస్తోంది, మీరు పెట్టిన పనే ఎక్కువ. ఫ్యాన్ శబ్దం గట్టిగా ఉండి గాలి పలచగా వస్తుంటే దారిలో దుమ్ము పేరుకుంది. ఫ్యాన్‌కీ, రాగి రేకులకీ మధ్య ఆ దుమ్ము మెత్తటి దుప్పటి ముక్కలా అట్టకట్టేస్తుంది. బయటినుంచి ఊదితే పూర్తిగా రాదు, అడుగు విప్పి తీయాలి. ఇక మూడో రకం చాలామంది గమనించనిది. గాలి జోరుగా వస్తోంది, కానీ గోరువెచ్చగానే ఉంది. స్క్రీన్ మీద చూస్తే ప్రాసెసర్ 95లో ఉంది. అంటే చిప్‌లోని వేడి రేకుల దాకా చేరట్లేదు. మధ్యలో ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, లేదా హీట్‌సింక్ సరిగ్గా ఆనట్లేదు. మూడు నాలుగేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌లో ఇది మామూలే. పేస్ట్ ట్యూబ్ కొన్ని వందల రూపాయల్లోనే వస్తుంది.

బలమైన బరువు పని మొదలుపెట్టగానే ఒక క్షణం 90 దాటి దిగిపోతే అది టర్బో బూస్ట్, సన్నటి కొత్త మోడళ్లలో సహజమే. ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ లాంటివాటిలో అసలు ఫ్యానే ఉండదు, కాబట్టి ఈ చెయ్యి పరీక్ష వాటికి వర్తించదు.

క్లీనింగ్ మీరే చేసుకుంటారా? వారంటీ ఉంటే విప్పకండి. ఆసుస్ రాగ్ మోడళ్లు కొన్నిటిలో పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది. అది కరెంటు పారే లోహం, బోర్డు మీద ఒలికితే షార్ట్ అవుతుంది. అలాంటివి సర్వీస్ సెంటర్‌కే వదిలేయండి. మిగతావాటిలో ముందు బ్యాటరీ కనెక్టర్ తీసి, ఫ్యాన్ రెక్కని పుల్లతో కదలకుండా పట్టుకుని, కొద్దికొద్దిగా గాలి కొట్టండి. ఫ్యాన్‌ని గాలికి గిర్రున తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, స్టాటిక్ కరెంటు భయం ఉంది.

ఈలోపు పని ఆగకూడదంటే

ఆన్‌లైన్ ఎగ్జామ్ రేపే ఉంది, షాపుకి వెళ్లే టైం లేదు అనుకోండి. పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి తగ్గించండి. ఒక్క శాతమేగా అనిపిస్తుంది కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో దీంతో టర్బో బూస్ట్ ఆగిపోయి, వేడి బాగా తగ్గుతుంది. బ్రౌజింగ్‌కి, ఎగ్జామ్‌కి ఆ వేగం సరిపోతుంది. కొన్ని కొత్త మోడళ్లలో ఈ ఆప్షన్ కనిపించదు. అప్పుడు పవర్ మోడ్‌ని బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీకి మార్చండి. పరుపు మీద నుంచి తీసి, వెనకవైపు రెండు పుస్తకాలు పెట్టి ఒక అంగుళం ఎత్తు చేయండి. దుమ్ము తీయకుండా కొన్న కూలింగ్ ప్యాడ్ కంటే ఇది నయం. ఎయిర్ కూలర్‌కి ఎదురుగా పెట్టకండి, తుంపర్లు లోపలికి పోతాయి. ఐస్ ప్యాక్, తడి గుడ్డ లాంటి ప్రయోగాలు అసలొద్దు.

షాపుకి వెళ్లాల్సి వస్తే "వేడెక్కుతోంది" అని ఊరుకోకండి. "ఖాళీగా ఉన్నప్పుడు 74 చూపిస్తోంది, గాలి జోరుగా వస్తోంది కానీ వేడిగా లేదు, పేస్ట్ చూడండి" అని చెప్పండి. ఫ్యాన్ మార్చామంటే పాతది చేతికి ఇవ్వమనండి. డబ్బులు కట్టే ముందు అక్కడే ఆన్ చేసి, పది నిమిషాలు ఆగి, ఇంట్లో చూసిన అదే నంబర్ మళ్లీ చూసుకోండి.