మందుల కొట్టు నేర్పిన నిద్ర పాఠాలు

తెనాలిలో ఏళ్ళ తరబడి మందుల కొట్టు నడిపి, వయసు మీదపడ్డాక మా అబ్బాయికి అప్పజెప్పాను. జలుబు బిళ్ళ అడిగేవాడు గట్టిగా అడుగుతాడు. నిద్ర బిళ్ళ అడిగేవాడు పక్కన ఎవరూ లేరని చూసుకుని, కౌంటరు మీదకు వంగి అడుగుతాడు. కొట్టు వదిలిన ఏడాదే నాకూ నిద్ర పట్టడం మానేసింది. కౌంటరుకు రెండు వైపులా నిలబడ్డాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు చెబుతున్నాను.

1. నిద్ర రాకపోవడం వేరు, నిద్రకు వీల్లేకపోవడం వేరు

పెళ్ళి ముందో, కోర్టు వాయిదా ముందో నాలుగు రాత్రులు కన్ను మూతపడకపోతే అది జబ్బేమీ కాదు. పడుకునే వీలుండి కూడా వారానికి కనీసం 3 రాత్రులు నిద్ర సరిగా లేక, పగటి పని దెబ్బతింటూ, అలా 3 నెలలు సాగితే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. రాత్రి పదకొండింటికి గిన్నెలు కడిగి, తెల్లవారుజామున నాలుగింటికి క్యారేజీల కోసం లేచే ఇల్లాలికి కావలసింది మందు కాదు, వంటింట్లో ఇంకొకరి సాయం. ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయిందని పాట కట్టుకుని పాడుకున్నది మన ఆడవాళ్ళే. ఎందుకు పాడుకున్నారో ఊహించడం కష్టమేమీ కాదు. ఇక ఎనిమిదిన్నరకే పక్కెక్కి, "మూడున్నరకల్లా మెలకువ వచ్చేస్తోందండీ" అని వచ్చే పెద్దాయన సంగతంటారా, ఏడు గంటలు పడుకున్నట్టేగా!

2. నిద్రను చెడగొట్టేది ఒకటి, బాగుపడనివ్వనిది ఇంకొకటి

ఈ తేడాను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ విడమరిచి చెప్పాడు. ఉద్యోగం పోవడం, అయినవాళ్ళు పోవడం, ఆపరేషన్ లాంటివి నిద్రను చెడగొడతాయి. కొన్నాళ్ళకు ఆ దెబ్బ మానుతుంది. కానీ ఈలోగా మనం కొన్ని ఉపాయాలు మొదలుపెడతాం. రాత్రి పట్టలేదని మర్నాడు తొమ్మిదింటికే పడుకుంటాం. పొద్దున్న బారెడు పొద్దెక్కేదాకా లేవం. మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటలు నడుం వాలుస్తాం. అర్ధరాత్రి ఫోన్లో టైం చూసి, ఇంకెన్ని గంటలు మిగిలాయో లెక్కేసుకుంటాం. అసలు కారణం పోయినా నిద్ర తిరిగి రానిది వీటివల్లే.

3. పక్క మీద గంటలు తగ్గించుకోవాలి

నన్ను బాగుచేసింది ఇదే. గుంటూరులో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళతానంటే, "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని మా వదినగారు బెంబేలెత్తిపోయారు. ఆయన బిళ్ళ రాయలేదు, నోటుబుక్కు పెట్టమన్నాడు. ఎప్పుడు పడుకున్నారు, సుమారుగా ఎప్పుడు పట్టింది, ఎన్నిసార్లు లేచారు, పొద్దున్న ఎన్నింటికి లేచారు, అంతే. రెండు వారాలు రాసి తీసుకెళితే తేలిందేమిటంటే, పక్క మీద ఉండేది తొమ్మిది గంటలు, నిద్ర అయిదున్నర. "అయితే ఆరు గంటలే పడుకోండి. పదకొండున్నరకు పక్కెక్కి, పట్టినా పట్టకపోయినా అయిదున్నరకు లేచెయ్యండి" అన్నాడు. నిద్ర లేదు మొర్రో అని వెళితే ఉన్నది కూడా కోసేస్తాడేమిటని నాకు ఒళ్ళు మండింది.

అందులో కిటుకు ఇదీ. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఎంత పేరుకుంటే నిద్ర అంత గట్టిగా ముంచుకొస్తుంది. మొదటి వారం మాత్రం నరకమే. తొమ్మిదింటికి టీవీ ముందు తల వాలిపోయేది. మా ఆవిడ చిక్కుడుకాయల చేట నా ముందు పెట్టి పీచు తియ్యమనేది. కాయ చేతిలో ఉండగానే కునుకు తీస్తే మోచేత్తో ఒక్క పోటు పొడిచేది. నిద్ర ఒక దరికి చేరాక, అంటే పక్క మీద ఉన్న సమయంలో నూటికి 85 పాళ్ళు నిద్రే అయ్యాక, కొద్దికొద్దిగా పావుగంట చొప్పున కలుపుతూ వచ్చాడు.

దీనికి తోడు ఇంకో నియమం ఉంది. పక్క మీద ఇరవై నిమిషాలు దొర్లినట్టనిపిస్తే లేచి అవతల గదిలో మసక వెలుతురులో కూర్చోవాలి. కళ్ళు మూతలు పడితేనే మళ్ళీ పడుకోవాలి. 1972లో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్‌జిన్ చెప్పిన పద్ధతి ఇది. పక్క చూడగానే ఒంటికి నిద్ర గుర్తుకు రావాలి గానీ బ్యాంకు లోను కాదు. ఇవన్నీ కలిపిన వైద్యాన్ని సీబీటీ-ఐ అంటారు. పెద్దవాళ్ళ దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట చేయాల్సింది ఇదేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. మూర్ఛ, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్ళు, లారీలు, బస్సులు నడిపేవాళ్ళు సొంతంగా గంటలు కోసుకోకూడదు.

4. సాయంత్రం కాఫీ, రాత్రి పెగ్గు

అడినోసిన్‌కు అడ్డుపడేది కెఫీనే. అయిదింటికి తాగిన దాంట్లో సగం పది, పదకొండింటికి కూడా చాలామంది ఒంట్లోనే ఉంటుంది. పెగ్గు వేసుకుంటే నిద్ర తొందరగానే పడుతుంది, అర్ధరాత్రి దాటాక ముక్కలైపోతుంది.

5. బిళ్ళ గురించి

"ఒక్క షీటు ఇవ్వండి చాలు" అంటూ పక్కింటాయన చీటీ పట్టుకొచ్చేవాళ్ళని చాలామందిని వెనక్కి పంపాను. వాళ్ళడిగే అల్‌ప్రాజోలం 2014 నుంచి మందుల నిబంధనల హెచ్1 షెడ్యూల్లో ఉంది. డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చామో విడిగా రిజిస్టరులో రాసి 3 ఏళ్ళు దాచాలి. ఆ రిజిస్టరు ఊరికే పెట్టలేదు. కొన్నాళ్ళకు పాత మోతాదు చాలదు. అరవై అయిదు దాటినవాళ్ళు ఆ మత్తులో రాత్రి బాత్రూముకు లేచి తూలి పడితే తుంటి ఎముక విరగవచ్చు. మత్తుగా ఉంటుంది కదా అని దురద బిళ్ళను నిద్ర బిళ్ళలా వేసుకునే పెద్దవాళ్ళకు తికమక, మూత్రం బిగింపు రావచ్చు. డాక్టరు కొద్దిరోజులకు రాస్తే వాడుకోండి, తప్పులేదు. ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళు మాత్రం ఇది చదివి రేపే ఆపెయ్యకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

6. నిద్ర చాటున దాక్కున్న జబ్బులు

గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ పీల్చేవాళ్ళు స్లీప్ స్టడీ చేయించుకోవాలి. బీపీ లొంగనివాళ్ళయితే మరీను. వాళ్ళకు నిద్ర బిళ్ళ ప్రమాదం. ఈ సంగతి రోగికి తెలియదు, పక్కన పడుకున్నవాళ్ళే చెప్పాలి. పడుకోగానే కాళ్ళలో ఏదో పాకినట్టయి కదపకుండా ఉండలేకపోతే ఐరన్, ఫెరిటిన్ పరీక్ష అడగండి. బీపీకి వాడే నీళ్ళ బిళ్ళ సాయంత్రం వేసుకుంటుంటే పొద్దుటికి మార్చవచ్చేమో కనుక్కోండి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, దేని మీదా ఆసక్తి లేక, బతుకు బరువనిపిస్తుంటే అది దిగులు జబ్బు కావచ్చు. ఆగకండి. 14416కు ఫోన్ చేస్తే టెలి-మానస్ వాళ్ళు రాత్రి పగలు, తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు.

7. ఇంట్లోవాళ్ళకు

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ "రాత్రి పట్టిందా?" అని అడగకండి. నాన్నకో, మామయ్యకో అది రోజూ పరీక్ష రాసినట్టుంటుంది. ముందురాత్రి నుంచే జవాబు వెతుక్కోవడం మొదలవుతుంది. మా కోడలికి ఈ మాట చెప్పాక, ఇప్పుడు పేపర్లో ఏముందని అడుగుతోంది.