పై చదువుల ప్రవేశములు – నమ్మదగిన సమాచారము దొరకు తావులు
(తాడిమర్రి మండల పంచాయతీ సభ్యుల కొక పాఠము)

వేరుసెనగ విత్తుటకు రైతు తొలకరి కొరకు ఆకాశమువైపు చూచుచుండు దినములలోనే, ఆ యింట ఇంటర్మీడియెట్ ముగించిన బిడ్డకు కళాశాల ప్రవేశపు గడువులు వచ్చిపడుచుండును. తాడిమర్రి మండలమున ఇది ఏటేట జరుగునదే. అదను తప్పుచున్నచో పొరుగు రైతు హెచ్చరించును. ఆప్షన్ల గడువు తప్పుచున్నచో హెచ్చరించువారెవరు? మార్కులు చాలక సీటు పోయినవారి సంగతి వేరు. తేదీ తెలియక, కాగితము చేతిలో లేక, మధ్యవర్తిని నమ్మి సీటు పోగొట్టుకొనువారు కలరు. వీరిని గ్రామ పంచాయతీ కాపాడగలదని మా విశ్వాసము.

పూర్వము కళాశాలకు పోయి దరఖాస్తు ఫారము తెచ్చుకొని, నింపి, గుమాస్తాకు ఇచ్చి వచ్చెడివారు. ఇప్పుడా పద్ధతి చాలవరకు పోయినది. మన రాష్ట్రమున 2020–21 విద్యాసంవత్సరము నుండి డిగ్రీ ప్రవేశములు కూడ ఉన్నత విద్యామండలి వారి ఆన్‌లైన్ విధానములోనికి వచ్చినవి. ధర్మవరము ప్రభుత్వ కళాశాలలో బి.ఏ. చదువవలెనన్నను కంప్యూటరు ముందు కూర్చుండవలసినదే. ఇంజనీరింగు, వ్యవసాయము, ఫార్మసీ కోర్సులకు పూర్వము ఎంసెట్ అనబడిన పరీక్ష 2021 నుండి ఈఏపీసెట్ అయినది. ఇక జాతీయ సంస్థలకు జేఈఈ మెయిన్, వైద్యమునకు నీట్, అనంతపురమున 2018లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయము వంటి వానికి క్యూయెట్ కలవు. ఈ మూడింటిని తెలుగులోను వ్రాయవచ్చునను సంగతి మన పల్లెలలో పలువురకు తెలియదు.

పదవ తరగతి ముగిసినవారికి పాలిసెట్ ఒక దారి. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము మరియొక దారి. 2008లో స్థాపింపబడిన ఈ సంస్థ ప్రాంగణములలో ఇడుపులపాయ మనకు పొరుగు జిల్లాలోనే యున్నది. అందు ప్రవేశమునకు వేరుగ పరీక్ష లేదు. పదవ తరగతి మార్కులే ఆధారము, ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి అదనపు వెయిటేజి కూడ కలదు. ఫలితములు వచ్చిన కొలది దినములకే ప్రకటన వెలువడును. ఆ కొలది దినములు పొలము పనిలో గడచిపోయినచో ఆరేండ్ల చదువు చేజారినట్లే.

అసలు సైటు ఏది, నకిలీ ఏది?

ఇంటర్నెట్టులో కళాశాల పేరు వెదకినచో ముందుగ కనబడునది తరచుగ ప్రకటనయే. “సీటు ఖాయము” అని ఫోను నంబరు ఇచ్చు పుటలు ప్రభుత్వ పుటలవలెనే అలంకరింపబడి యుండును. వీనిని పోల్చుకొనుటకు సులభమైన ఉపాయము కలదు. వెబ్‌సైటు పేరును చివరినుండి చదువవలెను. ప్రవేశ పరీక్షలకు మన ఉన్నత విద్యామండలి వారి సైటు పేరు “సెట్స్ డాట్ ఏపీఎస్‌సీహెచ్‌ఈ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్”. చివర “గవ్ డాట్ ఇన్” అని యున్నచో అది ప్రభుత్వమునకు చెందినది. “ఏసీ డాట్ ఇన్” అనునది విద్యాసంస్థలకు ఇచ్చు పేరు. “డాట్ కామ్” అని యున్న పుటలన్నియు మోసములని మేము చెప్పుట లేదు. కాని అందు చూచిన తేదీని, రుసుమును ప్రభుత్వ సైటులో సరిచూడక నమ్మరాదు. విశ్వవిద్యాలయమే నకిలీది కావచ్చును. అట్టివాని జాబితాను యూజీసీ వారు తమ సైటులో ప్రకటించుచుందురు. డబ్బు కట్టుటకు ముందు దానిని చూచుట మంచిది.

ఆప్షన్ల సంగతి

సభ్యులు తప్పక గ్రహింపవలసిన విషయమిది. కౌన్సెలింగులో విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను, కోర్సులను వరుసగ పేర్కొనును. కంప్యూటరు ఆ పట్టికను పైనుండి చూచుకొనుచు వచ్చి, విద్యార్థి ర్యాంకునకు, రిజర్వేషనుకు అందిన మొదటి సీటును ఇచ్చును. కావున మిక్కిలి ఇష్టమైనదానిని పైన వ్రాసినందున నష్టమేమియు లేదు. అది అందకపోయినచో క్రిందిదానికి పోవును గాని శిక్ష వేయదు. “పెద్ద కళాశాల వ్రాసినచో ఉన్నదియు పోవును” అని భయపెట్టువారి మాట వట్టిది. అట్లే రెండు మూడు పేర్లతో ఆపివేయుటయు తగదు. గత సంవత్సరము ఏ కళాశాలలో ఏ ర్యాంకు వరకు సీటు వచ్చినదో తెలుపు “చివరి ర్యాంకుల” పట్టిక ఉచితముగ లభించును. దానిని దగ్గర నుంచుకొని, ఆశకు కొన్ని, అందుబాటుకు కొన్ని, భద్రతకు కొన్ని వ్రాయవలెను.

ఇచ్చట ఒక అన్యాయము జరుగుచున్నది. కొందరు ఏజెంట్లు విద్యార్థి పాస్‌వర్డును, ఫోనుకు వచ్చిన ఓటీపీని అడిగి తీసికొని, తమకు కమీషను ఇచ్చు కళాశాలను మొదటి ఆప్షనుగ పెట్టుచున్నారు. ఓటీపీ యనునది ఇంటి తాళపుచెవి వంటిది. నెట్ సెంటరులో పని చేయించుకొన్నను, ఆప్షన్లను విద్యార్థి ముందుగ కాగితముపై వ్రాసికొని పోయి, తన కన్నుల ఎదుట ఎక్కించుకొని, ముద్రిత ప్రతిని ఇంటికి తెచ్చుకొనవలెను.

కాగితములు

ఆధార్‌లోను పదవ తరగతి మెమోలోను పేరు, పుట్టిన తేది ఒక్కటిగ ఉండవలెను. కులము, ఆదాయము ధ్రువపత్రములతోబాటు ఆరవ తరగతి మొదలు ఇంటర్ వరకు చదివినట్లు స్టడీ సర్టిఫికెట్లు అడుగుదురు. జాతీయ పరీక్షలకు వెనుకబడిన తరగతులవారు రాష్ట్రపు బీసీ పత్రముతో సరిపెట్టరాదు. కేంద్రము నిర్ణయించిన నమూనాలో ఓబీసీ పత్రము వేరుగ కావలెను. ఈడబ్ల్యూఎస్ పత్రమును ఏటేట క్రొత్తగ పొందవలెను. కరవుచే బెంగుళూరునకు వలసపోయి బిడ్డలను అచ్చటనే చదివించిన కుటుంబములకు స్థానికత చిక్కు తెచ్చును. కౌన్సెలింగు వివరపుస్తకములోని స్థానికత నియమములను వారు ముందే చదివించుకొని, నివాస పత్రములకు తహసీల్దారు కార్యాలయమున దరఖాస్తు చేయుట మంచిది. జూన్ వచ్చిన పిదప తిరుగుట వలన ప్రయోజనము తక్కువ.

డబ్బు సంగతి కొలదిగ చెప్పుదుము. ఎనిమిదవ తరగతి ప్రభుత్వ పాఠశాల విద్యార్థులకు ఎన్ఎంఎంఎస్ పరీక్ష కలదు. ఎన్నికైనవారికి తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వచ్చును. కాని జాతీయ స్కాలర్‌షిప్పుల పోర్టలులో ప్రతి సంవత్సరము పునరుద్ధరణ చేయకున్నచో నిలిచిపోవును. కష్టపడి గెలిచి, ఒక్క మీట నొక్కకపోయినందున పోగొట్టుకొనుటకంటె విచారకరమేమున్నది? బ్యాంకు ఋణము కావలసినవారికి 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకము కలదు.

పంచాయతీ చేయదగిన పని

రాజ్యాంగపు 11వ షెడ్యూలులోని 29 అంశములలో విద్య, సాంకేతిక శిక్షణ, గ్రంథాలయములు చేరియున్నవి. ఇంటిపన్నుతోబాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సుంకమును పంచాయతీయే వసూలు చేయుచున్నది. అట్టిచో గ్రంథాలయమున విద్యార్థులకు ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు ఉండవలెనని జిల్లా గ్రంథాలయ సంస్థను అడుగుట యాచన కాదు. అది వచ్చులోపల, 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయ వ్యవస్థలోని సిబ్బంది సాయము పొందవచ్చును. 2025 జనవరి 30న ప్రారంభమైన “మన మిత్ర” వాట్సాప్ సేవ (95523 00009) ద్వారా ధ్రువపత్రములు మొదలగు సేవలకు ఇంటినుండియే ప్రయత్నింపవచ్చును.

ఏప్రిల్‌లో ఒక గ్రామసభనాడు, పదవ తరగతి, ఇంటర్ వ్రాసిన విద్యార్థుల పేర్ల పట్టిక వ్రాయించి, ఎవరికి ఏ పత్రము కొరవడినదో ప్రక్కన గుర్తించవలెను. బాలికల పేర్లు ఈ పట్టికలో తప్పిపోకుండ చూచు బాధ్యతను మహిళా సభ్యులకు అప్పగించుట మేలు. చదువు ఆపినవారి పేర్లును అందుండవలెను. వారికి సార్వత్రిక విద్యాపీఠపు మార్గము చెప్పవచ్చును. మే నెల నుండి పంచాయతీ నోటీసు బోర్డుపై పరీక్ష పేరు, సైటు పేరు, కడపటి తేది పెద్ద అక్షరములతో వ్రాయించి, ఆ సమాచారమును ఏ దినమున సరిచూచిరో క్రింద వేయవలెను. గడువులు పొడిగింపబడుట కలదు గావున వారమునకొకసారి మరల చూచి, పాత కాగితమును చింపి క్రొత్తది అంటించు పని ఒక సభ్యుని పేరున తీర్మాన పుస్తకములో వ్రాసియుంచవలెను.