స్క్వేర్‌కి వెళ్ళే ముందు

బెంటన్‌విల్

తల్లీ,

శనివారం కోర్టు ముందు స్క్వేర్‌లో నిరసన ప్రదర్శనకి వెళ్ళాలని ఉందనీ, మీ నాన్న ఫోన్లో ససేమిరా అన్నాడనీ రాశావు. హెచ్‌-1బి మీద ఉన్న పిల్లకి ఈ గొడవలెందుకన్న మాట ఈ ఊళ్ళో మనవాళ్ళ నోట రోజూ వింటున్నదే. అన్నయ్య భయాన్ని నేను తీసిపారెయ్యను. కానీ వెళ్ళొద్దని మాత్రం చెప్పను.

మన దగ్గర ఎవరైనా చలో అసెంబ్లీ అంటే ముందు రోజు రాత్రే ఇంటి ముందు జీపు ఆగుతుంది. ముందస్తు అరెస్టులు, గృహ నిర్బంధాలు. 2017లో ఇందిరాపార్కు దగ్గర ధర్నాచౌక్‌నే మూసేశారు. మళ్ళీ అక్కడ గొంతు విప్పడానికి 2018లో హైకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. రోడ్ల మీద సభలకి అడ్డుకట్ట వేసిన ఆంధ్ర జీవో 1ని 2023 మేలో అక్కడి హైకోర్టు కొట్టేసింది. లాఠీ లేచేది ఎప్పుడో గానీ, జనం అసలు చేరకుండా చూడడమే పోలీసులు ఎక్కువగా చేసే పని. ఇక్కడ ఆ పని వీసా భయం చేస్తోంది. గుమ్మంలో కానిస్టేబుల్ లేకుండానే మనవాళ్ళు గృహ నిర్బంధంలో ఉన్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

మాట్లాడే హక్కు పౌరులకే కాదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కార్మిక నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్‌ని దేశం నుంచి పంపెయ్యాలని చూస్తే, ఇక్కడ ఉంటున్న విదేశీయులకూ వాక్ స్వాతంత్ర్యం ఉందని 1945లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 2025 సెప్టెంబరులో బోస్టన్‌లో జడ్జి విలియం యంగ్ ఆ మాటే గట్టిగా చెప్పారు. కానీ అదే ఏడు మార్చిలో టఫ్ట్స్ విద్యార్థిని ఒకామెని ముసుగులు వేసుకున్న అధికారులు వీధిలో పట్టుకుని ఆరు వారాలు నిర్బంధంలో ఉంచారు. మరి కొందరితో కలిసి యూనివర్సిటీ పత్రికలో ఆమె రాసిన వ్యాసం తప్ప కోర్టుకి చూపించడానికి వాళ్ళ దగ్గర ఇంకేమీ లేకపోయింది. హక్కు అందరికీ ఒకటే. మూల్యం మాత్రం ఒకటి కాదు. అది తెలిసి నిర్ణయించుకో. రానివాళ్ళని పిరికివాళ్ళనకు.

ఈ స్క్వేర్‌లోనే 2020 జూన్ 1న జార్జ్ ఫ్లాయిడ్ హత్యని నిరసిస్తూ జనం గుమిగూడారు. ఒక పక్క వాల్‌మార్ట్ పెట్టిన శామ్ వాల్టన్ పాత కొట్టు, ఇంకో పక్క కోర్టు, మధ్యలో బానిసత్వం నిలపడానికి పోరాడిన కాన్ఫెడరేట్ సైనికుడి 1908 నాటి విగ్రహం. రాత్రి పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. ఆ సెప్టెంబరులో విగ్రహాన్ని అక్కణ్ణుంచి తీసేశారు. దాన్ని తియ్యమని అంతకు ముందు నుంచీ అడుగుతూ వచ్చినవాళ్ళున్నారమ్మా, వాళ్ళని మర్చిపోకు.

ఇక వెళ్తే ఎలా నడుచుకోవాలో విను. దారి వదిలి పేవ్‌మెంట్ మీద నిలబడు, రోడ్డు మీదకి దిగకు. పోలీసులు చెదిరిపొమ్మంటే ఏ వైపు వెళ్ళాలో అడిగి వెళ్ళిపో. ఆ ఆజ్ఞ న్యాయమైనదా కాదా అన్నది తర్వాత కోర్టులో తేలుతుంది. 1961లో సౌత్ కరోలినా శాసనసభ భవనం దగ్గర శాంతంగా నిలబడిన 187 మంది నల్లజాతి విద్యార్థులకి పడిన శిక్షని 1963లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. వాళ్ళు గెలిచారు, కానీ రెండేళ్ళు పట్టింది. నీకు అంత వ్యవధి లేదు. కేసు కొట్టేసినా సరే, వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు డీఎస్‌-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, అవునని రాయాల్సిందే. అందుకే ఎవరైనా ఆపితే వెళ్ళిపోవచ్చా అని మర్యాదగా అడుగు. కాదంటే, లాయర్ లేకుండా మాట్లాడనని చెప్పి ఊరుకో. అబద్ధం మాత్రం చెప్పకు. వీడియో దూరం నుంచి తీసుకోవచ్చు, వాళ్ళ పనికి అడ్డం పడకూడదంతే. ఫోన్‌కి వేలిముద్ర తీసేసి పిన్ పెట్టుకో. లాయర్ నంబరు చేతి మీద పెన్నుతో రాసుకో, ఫోన్ లాక్కుంటే అదే దిక్కు.

ముందు రోజు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడు. శనివారం నేనూ మీ పిన్నీ కూడా వస్తాం. మాకు పౌరసత్వం ఉంది కాబట్టి పోలీసులున్న వైపు మేం నిలబడతాం, నువ్వు మా వెనక ఉండు. మీ నాన్నకి నేను ఫోన్ చేస్తాను.

నీ బాబాయి