ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు చెడిపోతే: సొమ్ము తిరిగి పొందే విధానం

ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం, కోరమండల్ ప్రాంతాల కుటుంబాలకు ఒకప్పుడు ఏ పెద్ద వస్తువు కావాలన్నా రాబర్ట్‌సన్‌పేట బజారే ఆధారం. కొన్న వస్తువు చెడిపోతే దానిని తీసుకొని అదే అంగడికి వెళ్లి అడిగేవారు. అంగడి యజమాని ముఖం తెలిసినదే, అంగడి ఎక్కడికీ పోదు. నేడు మిక్సీ మొదలుకొని కుట్టుమిషను వరకు ఫోనులోనే కొంటున్నారు. అమ్మినవారు ఏ ఊరివారో, ఎవరిని అడగాలో చాలామందికి తెలియదు.

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన తరువాత ఇక్కడి అనేక కుటుంబాలు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరుకు వెళ్లి సంపాదించే కూలిపైనే ఆధారపడి ఉన్నాయి. అటువంటి ఇంట రెండు మూడు వారాల కూలి ఒక పనికిరాని వస్తువు పాలైతే అది చిన్న నష్టం కాదు. ఆ సొమ్మును రాబట్టుకొనే మార్గం చట్టంలో ఉన్నది. దానిని ఈ పాఠం వరుసగా వివరిస్తుంది.

చట్టం ఇచ్చిన హక్కు

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనేది 2020 జులై 20న అమలులోకి వచ్చింది. 1986 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం ఆన్‌లైన్ కొనుగోలును అంగడి కొనుగోలుతో సమానంగా చూస్తుంది. దీని కింద ఈ-కామర్స్ నియమాలు 2020 జులై 23న వెలువడ్డాయి. వస్తువు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా, దానిని వాపసు తీసుకోవడానికి గాని సొమ్ము తిరిగి ఇవ్వడానికి గాని అమ్మకందారు నిరాకరించరాదని ఆ నియమాలు శాసిస్తున్నాయి. విపత్తు వంటి అనివార్య కారణం వల్ల కలిగిన ఆలస్యానికి మాత్రమే మినహాయింపు ఉన్నది.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. రంగు నచ్చలేదని, మనసు మారిందని వస్తువును వెనక్కు పంపడం వేరు. అది సంస్థ ఇచ్చే సదుపాయం, సంస్థ పెట్టిన గడువుకు లోబడి ఉంటుంది. వస్తువులోనే లోపం ఉంటే వెనక్కు ఇవ్వడం వేరు. అది కొనుగోలుదారు హక్కు. లోపమున్న వస్తువును రసీదులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పనిచోట 30 రోజులలోగా వాపసు తీసుకొని సొమ్ము ఇవ్వకపోవడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. కనుక లోపం కనిపించిన నాడే ఫిర్యాదు చేయడం శ్రేయస్కరం.

ఒక ఉదాహరణ

ఊరిగాంలో ఇంటివద్ద రవికెలు కుట్టి జీవించే ఒక మహిళ తన కుమారుని ఫోనులోని ఖాతా ద్వారా 9,000 రూపాయలకు మోటారు కుట్టుమిషను కొన్నారనుకుందాం. నాలుగవ నాడు మోటారు ఆగిపోయింది. ఫిర్యాదు చేయగా మూడు జవాబులు వచ్చాయి. ఖాతా ఆమె పేరిట లేదన్నారు. ఆమె దానిని వ్యాపారానికి వాడుతున్నారన్నారు. వారంటీ ఉన్నది గనుక తయారీదారునే అడగమన్నారు.

ఈ మూడింటిలో ఏదీ ఆమె హక్కును తొలగించదు. కొన్నవారి అనుమతితో వస్తువును వాడేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. వ్యాపార నిమిత్తం కొన్నవారికి ఈ చట్టం వర్తించదన్న మాట నిజమే గాని, కేవలం స్వయం ఉపాధితో జీవనం గడుపుకొనేందుకు కొన్న వస్తువును చట్టం వ్యాపార నిమిత్తంగా లెక్కించదు. వారంటీ అనేది తయారీదారు అదనంగా ఇచ్చే హామీ. అది ఉన్నంత మాత్రాన అమ్మకందారు బాధ్యత తీరిపోదు.

మొదటి మెట్టు: ఆధారాలు

పార్సెల్ విప్పేటప్పుడు మొదటినుంచి చివరివరకు ఫోనులో వీడియో తీయడం మంచి అలవాటు. పెట్టెపై అంటించిన చీటీ, వస్తువు సంఖ్య, లోపం స్పష్టంగా కనిపించాలి. బిల్లు, ఆర్డరు సంఖ్య, సొమ్ము చెల్లించిన వివరం, వస్తువు గురించిన ప్రకటన పేజీ, సంస్థతో జరిగిన సంభాషణ, వీటన్నింటి స్క్రీన్‌షాట్లు భద్రపరచాలి. ప్రకటన పేజీ తరువాత మారిపోవచ్చు గనుక దానిని ముందే దాచుకోవాలి. వస్తువును వెనక్కు తీసుకొనిపోయే వ్యక్తి నుంచి రసీదు గాని, యాప్‌లో నమోదు గాని లేకుండా వస్తువును అప్పగించరాదు.

రెండవ మెట్టు: సంస్థ ఫిర్యాదుల అధికారి

ప్రతి ఈ-కామర్స్ సంస్థ ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించి, ఆయన పేరు, హోదా, సంప్రదించే వివరాలను తన వెబ్‌సైటులో ప్రకటించాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి. అందిన నాటి నుంచి ఒక నెలలో పరిష్కరించాలి. ఫోనులో మాట్లాడిన మాటకు సాక్ష్యం ఉండదు గనుక ఫిర్యాదును రాతపూర్వకంగా పంపాలి. అందులో ఈ విషయాలు చాలు:

“ఫలానా తేదీన ఫలానా సంఖ్యగల ఆర్డరు ద్వారా ఇంత సొమ్ము చెల్లించి కుట్టుమిషను కొన్నాను. ఫలానా తేదీన అందినది. నాలుగవ నాడు మోటారు పనిచేయడం మానినది. వీడియో, బిల్లు జతచేశాను. వస్తువును వాపసు తీసుకొని, చెల్లించిన సొమ్మును పూర్తిగా తిరిగి ఇవ్వవలసినదిగా కోరుతున్నాను. ఒక నెలలోగా పరిష్కారం లభించనిచో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించగలను.”

మూడవ మెట్టు: 1915

సంస్థ నుంచి న్యాయం జరగనప్పుడు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. తెలుగు, కన్నడ, తమిళ భాషలలోను మాట్లాడవచ్చు. 8800001915 సంఖ్యకు వాట్సాప్ ద్వారా కూడా ఫిర్యాదు పంపవచ్చు. సహాయవాణి ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు కోరుతుంది. అది న్యాయస్థానం కాదు, ఆదేశం ఇవ్వలేదు. అయినా వ్యాజ్యం దాకా పోకుండా తేలగల ఫిర్యాదులకు ఇది సులువైన దారి.

నాలుగవ మెట్టు: కోలారు జిల్లా కమిషన్

అమ్మినవారు ఢిల్లీలో ఉన్నా, ముంబయిలో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన ముఖ్యమైన మార్పు ఇది. కనుక ఊరిగాం నివాసి కోలారులోని జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయిస్తే చాలు. 50 లక్షల రూపాయల వరకు చెల్లించి కొన్నవాటిపై ఫిర్యాదులను జిల్లా కమిషన్ విచారిస్తుంది. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు, ఫిర్యాదుదారు స్వయంగా వాదించుకోవచ్చు. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి వెబ్‌సైటు ద్వారా ఇంటినుంచే దాఖలు చేయవచ్చు.

వివాద కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. వస్తువును పరీక్షకు పంపనవసరం లేని కేసులను మూడు నెలలలో, పంపవలసిన కేసులను ఐదు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం నిర్దేశిస్తున్నది. లోపాన్ని సరిచేయించడం, వస్తువును మార్పించడం, ధరను వడ్డీతో తిరిగి ఇప్పించడం, కలిగిన నష్టానికి పరిహారం ఇప్పించడం కమిషన్ అధికారాలు.

రాయడం కష్టమైనవారు తాలూకా న్యాయ సేవల సమితిని కలవవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

అందరి తరఫున చర్య

ఒకే లోపం వేలమందిని బాధించినప్పుడు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ స్వయంగా జోక్యం చేసుకోగలదు. ప్రెషర్ కుక్కర్లకు భారతీయ ప్రమాణాల గుర్తు 2021 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి. ఆ ప్రమాణాలు లేని కుక్కర్లను తన వేదికపై అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో ఆ సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా విధించింది. అమ్ముడైన 2,265 కుక్కర్ల కొనుగోలుదారులకు తెలియజేసి, వాటిని వెనక్కు తీసుకొని, ధర తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. ఆ ఆదేశంపై వివాదం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. వంటింట ఆవిరి ఒత్తిడితో పనిచేసే పాత్రలో లోపం ప్రాణాపాయం కాగలదు. కొనేముందు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడడం అందుకే అవసరం.

రీఫండు పేరిట మోసం

సొమ్ము పోయిందన్న ఆతురతలో ఉన్నవారినే మోసగాళ్లు వలలో వేసుకుంటారు. ఇంటర్నెట్‌లో వెదికి దొరికిన “కస్టమర్ కేర్” సంఖ్యలు చాలాసార్లు వారివే. సంస్థ యాప్‌లోను, బిల్లుపైన ఉన్న సంఖ్యకే ఫోను చేయాలి. యూపీఐ పిన్ సొమ్ము పంపడానికే గాని, అందుకోవడానికి అవసరం లేదు. రీఫండు కోసం పిన్ నొక్కమన్నవాడు, ఓటీపీ చెప్పమన్నవాడు, ఏదో ఒక యాప్ దించుకోమన్నవాడు మోసగాడే. సొమ్ము పోయినట్లు తెలిసిన మరుక్షణమే 1930కు ఫోను చేయాలి. ఆలస్యమైనకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.

అభ్యాసం

1. ఇంటిలో ఇటీవల ఆన్‌లైన్‌లో కొన్న ఒక వస్తువు బిల్లు తీసి, అమ్మకందారు పేరు, చిరునామా అందులో ఉన్నాయేమో చూడండి.
2. తరచు వాడే ఒక కొనుగోలు యాప్‌లో ఫిర్యాదుల అధికారి వివరాలు వెదకి రాసి ఉంచుకోండి.
3. పై నమూనా లేఖలోని ఖాళీలను ఆ బిల్లు వివరాలతో నింపి, ఇంటి పెద్దలకు చదివి వినిపించండి.
4. 1915, 15100, 1930 సంఖ్యలను, ఒక్కొక్కటి దేనికో తెలిపే మాటతో సహా, ఇంట అందరికీ కనిపించేచోట రాసి అంటించండి.