కంటికి కానరాని వెలుగు: మేము చేసిన రిమోటు

మన పాఠశాలలోని టెలివిజను రిమోటు మీటలు అరిగిపోగా, క్రొత్తది కొనుటకు మారుగా తొమ్మిదవ తరగతి విద్యార్థులచే ఒకటి చేయింపవలెనని తలంచితిమి. కావలసిన సరంజామా స్వల్పమే: ఎనిమిది కాళ్లు గల అట్‌టైనీ 85 అను మైక్రోకంట్రోలరు, ఒక పరారుణ ఎల్.ఇ.డి., ఒక ట్రాన్సిస్టరు, రెండు రెసిస్టర్లు, ఒక మీట, రెండు పెన్సిలు బ్యాటరీలు. పాత రిమోటులో పవరు మీట యొక్కటి గట్టిగా నొక్కినచో ఇంకను పనిచేయుచుండెను గనుక, దాని సంకేతమును ముందుగానే గ్రాహకముతో పట్టి వ్రాసికొంటిమి.

పరారుణము ఎండలోను గలదు, తీగబల్బులలోను గలదు. మరి టెలివిజను మన వెలుగును ఎట్లు గుర్తించును? 1955లో అమెరికాలోని జెనిత్ సంస్థవారు కంటికి కనబడు వెలుగుతో పనిచేయు ఫ్లాష్‌మాటిక్ రిమోటును వెలువరించినప్పుడు ఈ చిక్కే కలిగినది. ఎండ సోకినను టెలివిజను తనంత తాను మారుచుండెడిది. నేటి ఉపాయమేమనగా, దీపమును సెకనుకు సుమారు 38,000 మారులు వెలిగించి ఆర్పుట. గ్రాహకము ఆ లయను మాత్రమే లక్ష్యపెట్టి తక్కిన వెలుగును విడిచిపుచ్చును.

మా టెలివిజను ఎరిగినది ఎన్.ఇ.సి. పద్ధతి. అందు మొదట 9 మిల్లీసెకనుల మినుకులు, పిదప 4.5 మిల్లీసెకనుల విరామము. ఇది పేరుపెట్టి పిలుచుట వంటిది. తరువాత 32 బిట్లు. మినుకుల గుంపు ప్రతిసారియు ఒకే కొలత. దాని వెనుకటి విరామము పొట్టిదైనచో సున్న, దానికి మూడింతలైనచో ఒకటి. చెప్పవలసినదంతయు మౌనములోనే యున్నదన్నమాట!

అన్నియు అతికి మీట నొక్కగా టెలివిజను పలుకలేదు. సెల్‌ఫోను ముందు కెమెరాలో చూడగా ఎల్.ఇ.డి. లేత ఊదారంగున మెరయుచునే యుండెను. టంకము వేసిన బాలునిదే తప్పని మేము కోపించి, రెండు దినములు అతనిచే అతుకులన్నియు విప్పించి మరల వేయించితిమి. ఫలము లేదు. మూడవనాడు ఆ బాలుడే, “అయ్యా, ఈ చిప్పు వేగము మన లెక్కకు సరిపోవునా?” అని మెల్లగా నడిగెను.

వివరణపత్రము తెరచి చూచితిమి. చిప్పులోని గడియారము 8 మెగాహెర్ట్‌జులదే గాని, కర్మాగారమునుండి వచ్చునప్పుడు దానిని ఎనిమిదింట భాగించి 1 మెగాహెర్ట్‌జుగా అమర్చి పంపుదురు. మేము వ్రాసిన ప్రోగ్రాము 8నే నమ్ముకొన్నది. అందుచే 38,000కు బదులు 4,750 మినుకులే వెడలుచుండెను. 9 మిల్లీసెకనుల పిలుపు 72 అయినది. కెమెరాకు వెలుగు చాలును, గ్రాహకమునకు చాలదు.

అమరిక మార్చిన వెంటనే, తరగతిలోని కడపటి బల్ల నుండి నొక్కినను టెలివిజను వెలిగెను. తప్పు మాదేయని ఆ బాలునితో అందరి యెదుట చెప్పితిమి. అతడు మాత్రము రిమోటును త్రిప్పి చూచుకొని, “రెండవమారు అతుకులు బాగుగా వచ్చినవండి” అనెను.