రాళ్ల కింద దాగిన మంచు అంచు

ఢిల్లీలోని సోనియా విహార్ నీటిశుద్ధి కేంద్రానికి మురాద్‌నగర్ కాలువ నుంచి గంగ నీరు వస్తుంది. ఆ గంగకు ఒక మూలమైన గంగోత్రి హిమానీనదం పొడవు సుమారు 30 కిలోమీటర్లు. గోముఖ్ వద్ద దాని అంచు ఏటా వెనక్కి జరుగుతోంది. ఆ జరుగుడును ఆకాశం నుంచి కొలవడం అనుకున్నంత తేలిక కాదు.

ఉపగ్రహ చిత్రంలో మంచు, మేఘం రెండూ తెల్లగానే ఉంటాయి. 1.6 మైక్రోమీటర్ల పరారుణ కాంతిలో చూస్తే మాత్రం మేఘం మెరుస్తుంది, మంచు నల్లబడుతుంది. ఆ తేడాతోనే కంప్యూటర్ రెండింటినీ వేరుచేస్తుంది. కొత్తగా కురిసిన మంచు అంచును కప్పేయకుండా సెప్టెంబరు ప్రాంతపు చిత్రాలు ఎంచుకుంటారు.

అసలు చిక్కు గంగోత్రి కింది భాగంలో ఉంది. అక్కడ మంచుపై రాళ్లు, మట్టి పేరుకుపోయి పక్క కొండలాగే కనిపిస్తుంది. రంగు చెప్పలేనిది కదలిక చెబుతుంది. కొద్ది రోజుల తేడాతో తీసిన రెండు రాడార్ చిత్రాలను పోలిస్తే కొండ కదలదు, రాళ్ల కింది మంచు కదులుతుంది.

కొలతతోనూ ఇబ్బందే. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క నేలపై 30 మీటర్లు. అంచు ఏడాదికి 20 మీటర్లు జరిగినా అది ఒక చుక్కకు చాలదు. అందుకే దశాబ్దాల చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తారు.

మంచు తగ్గిన చోట ఏర్పడే సరస్సులను గుర్తించడం ఇంత కష్టం కాదు. హిమాచల్‌లోని గేపాంగ్ ఘాట్ సరస్సు 1989లో 36.49 హెక్టార్లు, 2022 నాటికి 101.30 హెక్టార్లకు పెరిగిందని ఇస్రో 2024లో తెలిపింది. ఆ సరస్సు దిగువన సిస్సు గ్రామం ఉంది.